కొడితే నేరం, కొట్టకపోతే నేరం

ఒక మనిషిని గడప తొక్కనివ్వకుండా, అతను చేసే చప్పుడు మాత్రం తన చావుకీ పెళ్ళికీ కావాలనుకోవడం ఏం నీతి? ఆ చప్పుడు చేసే మనిషి ఒకరోజు "ఇక కొట్టను" అంటే, అతను తన కళను చంపుకున్నట్టా, తనను బతికించుకున్నట్టా? ఈ రెండు ప్రశ్నలూ నాకు పుస్తకాల్లోంచి రాలేదు. సిద్ధాంత చర్చల్లోంచీ రాలేదు. నలభై ఏళ్ళు దాటిపోయింది నేను రాక్ సంగీతం వినబట్టి. వింటూ వింటూ ఉండగా వచ్చాయి.

"మాదిగోడివి, పెనుగొండోడివి, నీకు రాక్ ఏంట్రా?" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. చర్చి పెద్దలు దాన్ని సాతాను పాట అన్నారు. విప్లవం చదువుకున్న అగ్రకుల మిత్రులు సామ్రాజ్యవాద సంస్కృతి అన్నారు. మావాళ్ళలోనే కొందరు, డప్పు పుట్టిన ఇంట్లో పుట్టి తెల్లోడి గిటారుకి తల ఊపుతున్నావన్నారు. ఎవరికి వాళ్ళు నా చెవులకి కంచె కట్టాలని చూసినవాళ్ళే. మాలాంటోళ్ళకి ఏం తినాలో, ఏం కట్టాలో, ఎక్కడ ఉండాలో చెప్పడం ఈ దేశానికి అలవాటు. ఏం వినాలో కూడా చెప్తారని నాకు ఈ పాటల వల్లే తెలిసింది.

పెనుగొండ అనగానే అందరికీ వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి నుంచో ఆర్యవైశ్యులు యాత్రకొస్తారు. నాకు గుర్తొచ్చేది మా పేట. ఊరికీ పేటకీ మధ్య ఒక మురుగుకోడు. అవతల గట్టు మీద కొబ్బరితోటలు, మేడలు. ఇవతల గట్టు మీద తాటాకు కొంపలు. అటునుంచి మైకులో తెల్లారగట్ల సుప్రభాతం మా గుడిసెల్లోకి వచ్చేసేది. ఇటునుంచి మా డప్పు చప్పుడు ఊళ్ళో నట్టిళ్ళలోకి వెళ్ళిపోయేది. దానికి ఏ కోడూ అడ్డం కాదు. మనుషులమే ఆగిపోయేవాళ్ళం. మైలంతా మనిషికేగాని చప్పుడుకి లేదని పదేళ్ళ వయసులోనే నాకు అర్థమైపోయింది.

మా అయ్య డప్పు కట్టేవాడు, కొట్టేవాడు. కట్టడం తెలియనివాళ్ళకి అదేదో తేలికైన పని అనిపిస్తుంది. గుండ్రంగా వంచిన కర్ర చట్రం ఉండాలి. తోలుని సున్నపు నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, కండ లేకుండా చెయ్యాలి. చింతగింజలు నూరి, ఉడకబెట్టి జిగురు కాయాలి. తోలుని చట్రం మీద లాగి అంటించి, నీడన ఆరబెట్టాలి. ఎక్కువ ఎండితే పగులుతుంది, తక్కువ ఎండితే మూగబోతుంది. కొట్టే ముందు ఎండుగడ్డి మంట మీద కాచాలి. కాస్తూ కాస్తూ వేలితో మీటి వినాలి. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడంచేతిలో సన్నటి చిటికెన పుల్ల. చావుకి ఒక దెబ్బ, పెళ్ళికి ఒక దెబ్బ, అమ్మవారి తీర్థానికి ఒక దెబ్బ, దండోరాకి ఇంకో దెబ్బ. దూరాన్నించి దెబ్బ వింటేనే ఏ వీధిలో ఏం జరిగిందో మా అమ్మ చెప్పేది.

ఇంత విద్యకీ మా అయ్యకి దక్కిందేంటి? కళ్ళంలో తూర్పారబట్టాక మిగిలిన గింజలు, చావింటి దగ్గర కల్లుకి చిల్లర. పిలిస్తే వెళ్ళాలి. జొరమొచ్చినా వెళ్ళాలి. సొంత ఇంట్లో శవం ఉన్నా, ఊళ్ళో పెళ్ళుంటే వెళ్ళాలి. వెళ్ళాక వీధి చివర నిలబడాలి. దాన్ని కళ అని ఊళ్ళో ఎవడూ అన్లేదు. వెట్టి అనే పేరు కూడా పెట్టలేదు. అది మీ పని అన్నారు, అంతే.

పేటలో మాకొక చిన్న చర్చి ఉండేది. గోదావరి డెల్టాలో క్రైస్తవం కొత్తదేం కాదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు 1836లోనే వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మిషన్ పని మొదలెట్టారు. మా తాతల కాలానికే చాలా పేటలు బాప్తిస్మం పుచ్చుకున్నాయి. మా చర్చిలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడేవాళ్ళం. అవి పందొమ్మిదో శతాబ్దపు పాటలు, కర్ణాటక రాగాల్లో కట్టినవి. హార్మోనియం ఉండేది, తబలా ఉండేది. డప్పు మాత్రం గుమ్మం అవతలే. "అది దయ్యాలకి కొట్టేది" అన్నారు పాస్టరుగారు. ఊళ్ళో మేం అంటరానోళ్ళం. చర్చిలో మా డప్పు అంటరానిది.

పెద్దయ్యాక నాకు ఒక సంగతి తెలిసింది. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు సముద్రం దాటాక మిర్యాము ఒక వాయిద్యం చేత పట్టుకుని ముందు నడుస్తుంది. దాన్ని హీబ్రూలో తోఫ్ అంటారు. చట్రానికి తోలు బిగించిన చేతివాయిద్యం. అంటే మా డప్పుకి చుట్టమే. తెలుగు బైబిలులో అది తంబుర అయి కూర్చుంది. ఎందుకయిందో అనువాదకులకే ఎరుక. బానిసత్వం నుంచి బయటపడ్డ రోజున ఒక ఆడమనిషి కొట్టిన తోలువాయిద్యం మా భాషలోకి వచ్చేసరికి తీగల వాయిద్యం అయిపోయింది. ఆ ఒక్క మాట సరిగ్గా పడుంటే మా అయ్య డప్పు గుమ్మం దాటి లోపలికి వచ్చి ఉండేదేమో.

రాక్ నా దగ్గరికి కువైట్ మీంచి వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల నుంచి మా ఆడోళ్ళు కువైట్, మస్కట్, దుబాయి ఇళ్ళలో పనికి పోవడం అప్పటికే మొదలైంది. మా పిన్ని 1981లో సెలవుకి వస్తూ ఒక టూ-ఇన్-వన్ తెచ్చింది. రేడియో, టేప్ రికార్డరు రెండూ ఒకే పెట్టెలో. దాంతో పాటు నాలుగు క్యాసెట్లు. తను పనిచేసిన ఇంటి పిల్లలు పారేయబోతే తెచ్చుకుందట. అందులో ఒకటి బోనీ ఎం. అప్పట్లో ఆ పాటలు మన దేశమంతా మోగిపోయాయి. అందులో బాబిలోన్ నదుల పాట వినగానే మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాదు ఆమెకి. బాబిలోన్, సీయోను అనే రెండు మాటలే ఆమెకి అందాయి. "ఇది కీర్తనేరా" అంది.

నిజంగా కీర్తనే. నూట ముప్ఫై ఏడో కీర్తన. చెరపట్టుకుపోయినవాళ్ళని, మీ పాట ఒకటి పాడి మమ్మల్ని ఉల్లాసపెట్టండని చెరపట్టినవాళ్ళు అడిగితే, పరాయి నేల మీద ఎలా పాడతామని వాళ్ళు ఏడ్చిన సందర్భం. బోనీ ఎం ఆ పాటని 1978లో విడుదల చేసింది. కానీ దాన్ని కట్టింది జమైకాకి చెందిన మెలోడియన్స్, 1970లో. ఆఫ్రికా నుంచి ఓడల్లో తోలుకుపోయిన బానిసల మనవలు వాళ్ళు. యూదుల చెరలో తమ చెరని చూసుకున్నారు. ఆ పాట జర్మనీలో డిస్కో అయి, కువైట్‌లో ఒక షేకు ఇంట్లో మోగి, ఇల్లు తుడిచే మా పిన్ని సంచిలో పడి పెనుగొండ మాదిగపేటకి చేరింది. ఇది తెల్లోడి పాట అని నాతో ఎవరైనా అంటే నేనేం చెప్పాలి?

అక్కణ్ణుంచి తవ్వుకుంటూ పోయాను. పీజీ చదువుకని 1983లో ఆంధ్ర యూనివర్సిటీకి వెళ్ళాను. విశాఖ ఓడరేవు పట్నం. పడవల మీద తిరిగేవాళ్ళు తెచ్చిన క్యాసెట్లు చేతులు మారుతుండేవి. పాటల చిట్టీ రాసిచ్చి, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టు ఇస్తే రికార్డు చేసిపెట్టే కొట్లుండేవి. స్కాలర్‌షిప్ వచ్చిన నెలలో ఒక క్యాసెట్టు, రాని నెలలో పాతదాని మీదే కొత్త పాటలు. బాబ్ మార్లే దొరికాడు. అతన్నించి జిమీ హెండ్రిక్స్‌కి వెళ్ళాను. హెండ్రిక్స్ నుంచి వెనక్కి నడిస్తే మడ్డీ వాటర్స్. మిసిసిపీలో దొరల పత్తిచేలో ట్రాక్టరు తోలినవాడు, 1943లో షికాగో పోయి గిటారుకి కరెంటు పెట్టి మోగించాడు. రోలింగ్ స్టోన్స్ అనే తెల్ల కుర్రాళ్ళు 1962లో తమకు పేరు పెట్టుకున్నది అతని పాట నుంచే. వాళ్ళ పేరు లోకమంతా తెలుసు. అతని పేరు తెలియాలంటే నాలా తవ్వుకుంటూ పోవాలి.

ఆ రోజుల్లోనే నాకొక అలవాటు పడింది. రెండొందల పేజీల నోటుపుస్తకంలో ప్రతి పాటకీ నాలుగు గళ్ళు గీసేవాణ్ణి. పాడినవాడు, కట్టినవాడు, డ్రమ్స్ కొట్టినవాడు, డబ్బు ఎవరికి చేరింది. మొదటి రెండూ క్యాసెట్టు అట్ట మీద ఉండేవి. మూడోది ఒక్కోసారి దొరికేది. నాలుగోది దొరకడానికి ఏళ్ళు పట్టేది. గ్రంథాలయాల్లో పాత పత్రికలు తిరగేసి ఒక్కో గడీ నింపుకునేవాణ్ణి.

అలా నింపిన గళ్ళలో బ్లాక్ సబ్బాత్ ఒకటి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ వీధుల్లోంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. మొదటి ఆల్బం 1970లో వచ్చింది. గిటారిస్టు టోనీ అయోమి పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడంచేతి వాటం మనిషి, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. తీగ మీద పట్టు దొరకడానికి పాత జాకెట్టు తోలు ముక్కలు కత్తిరించి వాటి మీద అంటించాడు. నొప్పి తగ్గడానికి తీగలు వదులు చేశాడు. ఆ వదులు తీగల్లోంచే ఆ బరువైన మోత పుట్టింది. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ పేరు రాకముందు కబేళాలో పనిచేశాడు. 2025 జూలై 5న తన ఊళ్ళో, వేలాది జనం మధ్య, సింహాసనం మీద కూర్చుని చివరిసారి పాడి, అదే నెల 22న పోయాడు.

తోలు, కబేళా. ఈ రెండు మాటలూ మా పేటకి కొత్తవి కావు. కబేళాలో పనిచేసిన చేతుల్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవడానికి బర్మింగ్‌హామ్‌లో జనం ఎగబడ్డారు. అక్కడ పేదోణ్ణి నెత్తిన పెట్టుకుంటారని నేననడం లేదు. ఫ్యాక్టరీ దొరలు ఆ పిల్లల వేళ్ళకి వెల కట్టలేదు. కానీ ఒక తేడా ఉంది. అక్కడ పని మానేస్తే పని మకిలి పోతుంది. ఇక్కడ మా అయ్య చచ్చిన గొడ్డుని ముట్టుకోవడం మానేసి ఇరవై ఏళ్ళయినా, నేను ఎం.ఏ. చదివినా, అద్దెకి ఇల్లు అడిగితే ముందు ఇంటిపేరే అడిగారు. కులం పనుల్ని పంచడం కాదు, పనిచేసేవాళ్ళనే ఒకరి మీద ఒకరిగా పేర్చిపెట్టడమని అంబేడ్కర్ 1936లోనే తేల్చేశాడు. నాకది సబ్బాత్ వింటుంటే ఒంటికి తగిలింది.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపేశారు. ఆ వార్త మా పేటకి చేరిన రోజున ఎవరూ గట్టిగా ఏడవలేదు. నెల తిరక్కుండా ఊళ్ళో ఒక కామందు తల్లి చనిపోయింది. మనిషిని పంపారు.

"ఒరే, పెద్దమ్మగారు పోయేరు. డప్పులట్టుకుని రండ్రా."

మా అయ్య గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు. "ఆయ్, పనుంటే చెప్పండి, కూలికి వత్తాం. డప్పుకి మాత్రం రామండి."

ఆ వచ్చినోడు నమ్మలేక మళ్ళీ అడిగాడు. మా అయ్య మళ్ళీ అదే చెప్పాడు. గొంతు పెంచలేదు. ఆ సాయంత్రం పేటలో డప్పు ఉన్న మరో మూడిళ్ళవాళ్ళూ అదే మాటన్నారు. వారం తిరిగేసరికి మేం చేస్తున్న అరెకరం కౌలు పోయింది. పొలం పనికి పిలవడం మానేశారు. మా అయ్య ఆ ఏడాదంతా సిద్ధాంతం రేవులో ఇసుక మోశాడు. మా చెల్లి పెళ్ళి రెండేళ్ళు వెనక్కిపోయింది. పెళ్ళయ్యాక కూడా అయ్య డప్పుని దూలానికి అలాగే వేలాడదీసి ఉంచాడు. అమ్మలేదు, పారెయ్యలేదు, కొట్టలేదు.

చాన్నాళ్ళకి నా నోటుపుస్తకంలోకి ఒక చట్టం వచ్చి చేరింది. అమెరికాలో దక్షిణ కరోలినా అనే చోట 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డప్పులు కొట్టుకుంటూ, దార్లో ఉన్నవాళ్ళని కలుపుకుంటూ నడిచారు. దొరలు వాళ్ళని చంపేశారు. మరుసటేడు, 1740లో, ఒక చట్టం చేశారు. బానిసలు డప్పులు వాడకూడదు, బూరలు ఊదకూడదు, పెద్ద చప్పుడు చేసే ఏ వాయిద్యమూ ఉంచుకోకూడదు. చప్పుడుతో ఒకరికొకరు కబురు పంపుకుంటారని భయం.

ఆ చట్టం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ మావాడు డప్పు కొడితే నేరం. ఇక్కడ మా అయ్య డప్పు కొట్టకపోతే నేరం. పైకి చూస్తే రెండూ ఎదురెదురు. లోపల చూస్తే ఒకటే. డప్పు ఎవడిది, దెబ్బ ఎప్పుడు పడాలి, ఎప్పుడు ఆగాలి అనేది కొట్టేవాడు తేల్చుకోకూడదు, దొర తేల్చాలి. సంగీతం మీద దొరకి కోపమూ లేదు, ప్రేమా లేదు. అతనికి కావాల్సింది ఆ పెత్తనం.

డప్పు లాక్కుంటే వాళ్ళేం చేశారు? ఒంటినే డప్పు చేసుకున్నారు. తొడలు చరిచారు, ఛాతీ కొట్టుకున్నారు, కాళ్ళు నేలకేసి తట్టారు. ఆ చరుపులు తరాలు దాటి 1955లో బో డిడ్లీ అనే ఆయన గిటారులోకి దూకాయి. అతని పేరుతోనే ఆ దెబ్బకి పేరొచ్చింది. తర్వాత వచ్చిన రాక్ పాటల్లో వెయ్యి చోట్ల ఆ దెబ్బ ఉంది. రాక్ అంటే గిటారనుకుంటారు అందరూ. నాకది నిషేధించిన డప్పు దొడ్డిదారిన తిరిగి రావడం.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఒకసారి ఆ పాట పెట్టాను. 1990 ప్రాంతం. మా అయ్య మంచం మీద పడుకుని చుట్ట కాలుస్తున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి మంచం పట్టె మీద కదలడం మొదలైంది. నాలుగు వేళ్ళతో పెద్ద దెబ్బ, చిటికెన వేలితో చిన్న దెబ్బ. టేపులో ఉన్న దెబ్బని రెండు నిమిషాల్లో పట్టేసి, దాని సందుల్లో తన దెబ్బలు వెయ్యసాగాడు. అయిదేళ్ళుగా డప్పు ముట్టని చెయ్యి అది. పాటయ్యాక అడిగాడు.

"ఈడికి డబ్బులిత్తారా?"

"ఇత్తారయ్యా. టిక్కెట్టెట్టి చూత్తారు."

"పిలిత్తే రానని అనొచ్చా?"

"అనొచ్చు."

"అయితే ఆడిది వాయిద్యం" అన్నాడు మా అయ్య. చుట్ట మళ్ళీ ముట్టించుకున్నాడు.

నేను వందల పుస్తకాలు తిరగేసినా దొరకని నిర్వచనం అది. రానని అనగలిగినప్పుడే అది వాయిద్యం. అనలేకపోతే అది పలుపు. మా అయ్య మొదటి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు మాత్రం పూర్తి జవాబు కాదు. టిక్కెట్టు డబ్బులు వస్తాయి, కానీ కట్టినవాళ్ళకి చేరతాయా అన్నది వేరే లెక్క. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల గాయని 1952లో హౌండ్ డాగ్ పాట రికార్డు చేసింది. 1953లో అది నల్లవాళ్ళ పాటల పట్టీలో పైకెక్కింది. 1956లో అదే పాట ఎల్విస్ ప్రెస్లీ పాడితే లోకమంతా ఊగిపోయింది. తనకి చేరింది అయిదొందల డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పుకుంది. లెడ్ జెప్పెలిన్ 1969లో తమ పేరుతో వేసుకున్న ఒక పెద్ద పాటలో విల్లీ డిక్సన్ మాటలున్నాయి. ఆయన 1985లో కోర్టుకెళ్ళాడు, 1987లో రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట కింద ఆయన పేరు కూడా వేస్తున్నారు. ఆ పేరు పడటానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా ఉద్యమం పుట్టింది. పేరులోనే డప్పుంది. మాదిగలు తమ పేరు చివర మాదిగ అని రాసుకుని, డప్పు భుజాన వేసుకుని రోడ్డెక్కారు. మా చెల్లెలి కొడుకు ఆ గాలిలోనే పెరిగాడు. కుర్రాడయ్యాక ఒకరోజు దూలానికున్న డప్పు దించి దుమ్ము దులిపాడు.

"తాతా, ఇది మనది."

"మనదే. అందుకే కిందెట్టేను" అన్నాడు మా అయ్య.

"నువ్వు కిందెట్టేవు కాబట్టే మేం ఎత్తుతున్నాం తాతా. నువ్వు ఎట్టకపోతే మాకూ ఎత్తేవోళ్ళు, ఊళ్ళోకి తోలేవోళ్ళు."

మా అయ్య మాట్లాడలేదు. కాని వాణ్ణి ఆపలేదు. తోలు పగిలిపోయి ఉంది. కొత్త తోలు ఎలా వెయ్యాలో, జిగురు ఎంత చిక్కన ఉండాలో పక్కనే కూర్చుని చెప్పాడు. తను మాత్రం 2009లో చనిపోయేదాకా సిర్ర చేత పట్టలేదు.

ఎవరు ఒప్పు? మావాళ్ళలో ఈ వాదన ఇంకా తెగలేదు. డప్పు బానిస గుర్తు, తగలబెట్టాలని ఒక వాదం. డప్పు మన ఆది వాయిద్యం, నెత్తిన పెట్టుకోవాలని ఇంకో వాదం. రెండిట్లో ఒకటే నిజం కావాలని నేననుకోను. వదిలెయ్యగలగడం మొదటి హక్కు. తిరిగి పట్టుకోవడం దాని మీద నిలబడే రెండో హక్కు. మొదటిది లేకుండా రెండోదాన్ని పొగిడేవాళ్ళని నేను నమ్మను. మన జానపద సంపద, మన డప్పు సంస్కృతి అని సభల్లో మురిసిపోయే పెద్దలు, డప్పు కొట్టనని అన్నవాడి కౌలు ఎందుకు పోయిందో చెప్పాలి. ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకి ప్రభుత్వ పింఛను ఉంది. మంచిదే. కళాకారుడు అనే మాట మా అయ్యలాంటివాళ్ళకి సర్కారు కాగితం మీద దక్కింది. కాని ఆ కాగితం చేతిలో ఉన్నవాణ్ణి ఇంకా చావింటి వీధి చివరే నిలబెడితే, ఆ మాటకి విలువేముంది?

"పాటకి కులమేంటండీ? సంగీతానికి హద్దుల్లేవు" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మంచి మనసుతోనే అంటారు. నేను అడిగేది ఒకటే. హద్దుల్లేనిది పాటకా, పాడినవాడికా? నేను మొదట్నించీ చెప్తున్నది అదే కదా. చప్పుడు కోడు దాటుతుంది, మనిషి దాటలేడు. 1977లో వాయేజర్ నౌకల్లో బంగారు రికార్డు పెట్టి నక్షత్రాల వైపు పంపారు. అందులో చక్ బెర్రీ రాక్ పాట ఉంది. బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే గుడ్డి నల్ల గాయకుడు 1927లో రికార్డు చేసిన ఒక మూలుగు ఉంది. ఆ మనిషి 1945లో టెక్సస్‌లో దిక్కులేని పేదరికంలో పోయాడు. ఆయన గొంతు నక్షత్రాల మధ్య శూన్యంలోకి చేరింది. ఆయనకి బతికుండగా ఊళ్ళో నల్లవాళ్ళ వైపే చోటు. పాటకి హద్దుల్లేవని సంబరపడేవాళ్ళు ఈ రెండో సగం కూడా చెప్పాలి.

మన దగ్గర మృదంగమే తీసుకోండి. కచేరీలో అది కూర్చునేది పట్టుచాప మీద. దానికి ఆవుతోలు, గేదెతోలు, మేకతోలు కావాలి. తోలు ఎంచి, బిగించి, శ్రుతికి తెచ్చేది తరతరాలుగా ఎక్కువగా దళిత కుటుంబాల చేతులు. వాళ్ళలో క్రైస్తవులు చాలామంది. టి.ఎం. కృష్ణ అనే కర్ణాటక గాయకుడు వాళ్ళ మీద 2020లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు, సెబాస్టియన్ అండ్ సన్స్ అని. మృదంగ విద్వాంసుల పేర్లు మనకి నోటికి వచ్చు. పాల్ఘాట్ మణి అయ్యర్‌కి మృదంగాలు కట్టి ఇచ్చిన పర్లాందు పేరు ఆ పుస్తకం వచ్చేదాకా నాకు తెలియదు. మా నోటుపుస్తకంలో మూడో గడి అది. నాదాన్ని బ్రహ్మం అంటారు. ఆ బ్రహ్మాన్ని కట్టే చేతులకి మైల అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎలా వస్తాయో నాకు ఈ వయసులోనూ బోధపడదు.

అయితే నేను ఆ సంగీతం వినడం మానెయ్యలేదు. తెల్లారగట్ల సుప్రభాతం మోగితే చెవులు మూసుకోను. ఆ గొంతు ఎం.ఎస్. సుబ్బులక్ష్మిది. మదురైలో దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. ఆ కులపు ఆడవాళ్ళని ఇదే సమాజం ఎంత హీనంగా చూసిందో తెలుసు. ఈ రోజు మడి కట్టుకున్న ఇళ్ళన్నీ ఆమె గొంతుతోనే దేవుణ్ణి లేపుతున్నాయి. నేను వింటాను, ఆమె ఎవరో తెలుసుకుని వింటాను. నన్ను వెలివేసినవాళ్ళు వినే పాట కాబట్టి నేను వినను అనుకుంటే, వాళ్ళు గీసిన గీతని నేనే కాపలా కాసినట్టవుతుంది. అలాగే, నల్లవాళ్ళ దగ్గర దోచింది కాబట్టి ఎల్విస్‌ని విననని కూడా అనను. విని, పక్క గడిలో థార్న్‌టన్ పేరు రాస్తాను.

వినడం ఒట్టి సరదా కాదని నేననుకుంటాను. అన్నం తినేటప్పుడు పండించినవాణ్ణి తలుచుకోమంటారు పెద్దలు. అది ఇద్దరికీ ఒకే పంక్తిలో ఆకు వేసినప్పుడే నిజమవుతుంది. పాట కూడా అంతే. పాటని ప్రేమించి, కట్టినవాణ్ణి అసహ్యించుకోవడం ఒక రకం దొంగతనం. కట్టినవాడి మీద జాలిపడి, పాటని పట్టించుకోకపోవడం ఇంకో రకం అవమానం. మావాళ్ళ పాటలు వింటూ "పాపం, ఎంత బాధ" అనేవాళ్ళని చూశాను. మా అయ్య దెబ్బలో బాధ ఒక్కటే లేదు. లెక్క ఉంది, ఎత్తుగడ ఉంది, చమత్కారం ఉంది. బో డిడ్లీ దెబ్బ సందుల్లో తన దెబ్బ వేసిన చెయ్యి అది. దాన్ని జాలితో వింటే సగం వినపడదు.

ఇప్పుడు రిటైరయ్యాను. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చి అవీ పోయాయి. సెల్‌ఫోన్లో లోకంలోని పాటలన్నీ ఉన్నాయి. పొద్దున్న గట్టు మీద నడుస్తూ ఒక గంట వింటాను. ఒక రోజుకి ఒకే ఆల్బం, మొదటినించి చివరిదాకా. మధ్యలో పాట మార్చను. కొత్తవాళ్ళని వెతుక్కుంటాను. నెలకొకసారైనా నాకు తెలియని పేరు ఒకటి పుస్తకంలో ఎక్కాలని నియమం పెట్టుకున్నాను. సిస్టర్ రొజెట్టా థార్ప్ అలాగే దొరికింది. చర్చి పాటని గిటారు మీద 1940ల్లోనే రాక్ చేసేసిన నల్ల మహిళ. చర్చివాళ్ళు క్లబ్బులో పాడిందని కోప్పడ్డారు. రాక్ పెద్దల జాబితాలో ఆమెని చేర్చుకున్నది 2018లో, ఆమె పోయిన నలభై అయిదేళ్ళకి.

మా పేటలో ఇప్పుడు పక్కా చర్చి ఉంది. అందులో డ్రమ్స్ సెట్టు ఉంది, కీబోర్డు ఉంది, బేస్ గిటారు ఉంది. దయ్యాల చప్పుడని ఎవరూ అనడం లేదు. అమెరికా నుంచి తిరిగి వచ్చింది కాబట్టి తోలుకి గౌరవం వచ్చింది. ఆ డ్రమ్స్ వాయించే పిల్లలు మా పేట పిల్లలే. చాలా బాగా వాయిస్తున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఉపదేశం కాదు, మా అయ్య అడిగిన రెండు ప్రశ్నలే. మీ చేతికి విలువ కడుతున్నారా? రామని అనగలరా? రెండిటికీ ఔనని చెప్పగలిగితే గిటారైనా, డప్పైనా, మృదంగమైనా మీదే, కొట్టండి. ఏ ఒక్కదానికి కాదన్నా, ముందు అది తేల్చుకోండి. పాట ఎక్కడికీ పోదు. రెండొందల ఏళ్ళు తొడల మీద బతికిన దెబ్బ అది.